శనివారం రైలెక్కే ముందు: జర్మనీలో చదువుకుంటూ వీకెండ్ ట్రిప్పులు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో చాలామంది అడిగిందే. "అన్నా, జర్మనీలో మాస్టర్స్ చేస్తూ వీకెండ్స్ తిరగడానికి కుదురుతుందా? డబ్బు సరిపోతుందా? ఇంట్లో ఏం చెప్పాలి?" అని. మూడో ప్రశ్న వింటే నవ్వొస్తుంది గానీ, నాకైతే అన్నిటికన్నా కష్టమైంది అదే. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది కోనసీమ, పి.గన్నవరం దగ్గర. నేను చదివింది జర్మనీలో మాగ్డెబుర్గ్ అనే ఊళ్లో. ఎల్బే నది ఒడ్డున ఉంటుంది, మరీ పెద్ద సిటీ కాదు. నాన్న కొబ్బరితోట మీద లోన్ తీసి పంపించారు. అందుకని మొదటి ఆరు నెలలు నేను ఎక్కడికీ కదల్లేదు. రూమ్, క్లాస్, పార్ట్ టైమ్, మళ్లీ రూమ్. ఐదు యూరోల కాఫీ చూస్తే ఐదొందలు కనపడేవి. మీలో కొత్తగా వెళ్లినవాళ్లకి ఈ బాధ తెలుసు.

తర్వాత ఏమైందంటే, శీతాకాలం వచ్చింది. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగింటికే సూర్యుడు దిగిపోతాడు. క్లాస్ నుంచి బయటికొచ్చేసరికి చీకటి. ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, రోడ్డు మీద మనిషి కనపడడు. రూమ్‌లో ఒక్కడినే కూర్చుని పాత సినిమాలు చూడటం. మనసు బాగా దిగజారిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, వీకెండ్‌లో ఒక రోజు బయటికెళ్లడం అనేది విలాసం కాదు, ఆ దేశంలో బతకడం నేర్చుకోవడంలో అదీ ఒక భాగమే అని. అయితే ఇటువైపు ఇంకో గొయ్యి కూడా ఉంది. రీల్స్ చూసి మూడు రోజుల్లో నాలుగు దేశాలు చుట్టేసి, నెలాఖరుకి రెంట్ కోసం ఫ్రెండ్స్‌ని అప్పు అడిగేవాళ్లని కూడా చూశాను.

ఈ రెండిటి మధ్య దారి ఏంటి? నేను నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్పేస్తాను. ట్రిప్ ప్లాన్ చూడాల్సిన ఊరి దగ్గర మొదలుపెట్టకండి, తిరుగు రైలు దగ్గర మొదలుపెట్టండి. రాత్రికి మీ మంచం మీదకి మీరు ఎలా వస్తారో ముందు తేల్చుకోండి. హోటల్ ఖర్చు ఉండదు, సోమవారం క్లాస్ పోదు, ఇంట్లో అబద్ధం చెప్పాల్సిన పనీ ఉండదు. ఎలాగో చూద్దాం.

మొదట డబ్బు.

స్టూడెంట్ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేస్తాం కదా. 2024 సెప్టెంబర్ నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. అంటే నెలకి 992 చొప్పున బయటికొస్తుంది. రెంట్, హెల్త్ ఇన్సూరెన్స్, తిండి పోతే మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. అందులోంచి రెండొందల యూరోల ట్రిప్ నెలనెలా చేయలేం.

కానీ మనకి ఒక మంచి ఆయుధం ఉంది. డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో మొదలైనప్పుడు నెలకి 49 యూరోలు. 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. ఈ ఒక్క టికెట్‌తో దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, లోకల్ రైళ్లు, రీజనల్ రైళ్లు అన్నీ ఎక్కొచ్చు. నెలంతా, ఎన్నిసార్లైనా.

ఇంకా మంచి విషయం, చాలా యూనివర్సిటీల్లో ఇదే టికెట్‌ని సెమిస్టర్ టికెట్‌గా ఇస్తారు. మామూలు ధరలో 60 శాతానికే. దాని డబ్బు మనం కట్టే సెమిస్టర్ ఫీజులోనే కలిసిపోయి ఉంటుంది. అన్ని చోట్లా ఉండదు, కాబట్టి అడ్మిషన్ వచ్చిన వెంటనే ఆ ఫీజులో ఏమేం ఉన్నాయో చదవండి. నా క్లాస్‌మేట్ ఒకడు తన ఫీజులోనే టికెట్ ఉందని తెలియక రెండు నెలలు విడిగా కొన్నాడు.

ఇప్పుడు లెక్క చూడండి. క్లాస్‌కి, పనికి వెళ్లడానికి ఈ టికెట్ ఎలాగూ మీ దగ్గర ఉంటుంది. కాబట్టి శనివారం రెండొందల కిలోమీటర్లు వెళ్లొచ్చినా ప్రయాణానికి అదనంగా ఒక్క సెంటు కూడా అవ్వదు. ఇంటి నుంచి అన్నం కట్టుకెళ్తే ఆ రోజు ఖర్చు ఐదారు యూరోల్లో తేలిపోతుంది.

ఒక జాగ్రత్త. విడిగా కొంటే ఇది సబ్‌స్క్రిప్షన్, దానంతట అదే రెన్యూ అవుతుంది. ఇండియాకి సెలవులకి వస్తున్నారనుకోండి, ఆ నెలాఖరుకి ఆపాలంటే ఆ నెల పదో తారీఖు లోపు క్యాన్సిల్ చేయాలి. పదకొండో తారీఖున గుర్తొస్తే ఇంకో నెల డబ్బు పోయినట్టే.

రెండోది, ఈ టికెట్ ఎక్కడ పనికిరాదు?

ఐసీఈ, ఐసీ, ఈసీ, ఈ మూడూ దూరప్రయాణపు వేగం రైళ్లు. వాటిలో ఇది చెల్లదు. ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్‌-బాన్ అని రాసి ఉన్నవి మనవి. ఒకే ప్లాట్‌ఫామ్ మీదకి ఐదు నిమిషాల తేడాతో రెండూ వస్తాయి, హడావుడిలో తప్పు రైలు ఎక్కేస్తాం. టికెట్ లేకుండా దొరికితే ఫైన్ 60 యూరోలు. రైల్వే యాప్‌లో రూట్ వెతికేటప్పుడు డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే రైళ్లు మాత్రమే చూపించమని ఫిల్టర్ ఉంటుంది. అది ఆన్ చేసి పెట్టుకోండి.

టూరిస్టుల కోసం నడిపే రైళ్లు కూడా విడిగా చూసుకోవాలి. ఉదాహరణకి మాగ్డెబుర్గ్‌కి దగ్గర్లో హార్ట్స్ కొండలున్నాయి. వాటిలో ఎత్తైనది బ్రోకెన్, 1,141 మీటర్లు. వెర్నిగెరోడె అనే ఊరి నుంచి పైదాకా బొగ్గు ఇంజిన్ రైలు వెళ్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది గానీ దానికి వేరే టికెట్, స్టూడెంట్‌కి అది బరువే. నేను ఆ రైలుని కింద నుంచి ఫోటో తీసుకుని, షియెర్కె ఊరి నుంచి నడిచి ఎక్కాను. పైన గాలి ఎంత ఉంటుందంటే, జూన్‌లో కూడా జాకెట్ కావాల్సి వచ్చింది.

ఇంకోటి, ఈ టికెట్ మీ పేరు మీద ఉంటుంది. ఫ్రెండ్‌కి ఇవ్వడానికి లేదు, ఫోటో ఉన్న ఐడీ కూడా చూపించాలి. ఊరి నుంచి ఫ్రెండ్స్ వచ్చారు, వాళ్లకి ఈ టికెట్ లేదు అనుకోండి, లెండర్ టికెట్ అని ఉంటుంది. ఒక రాష్ట్రం మొత్తం ఒక రోజు తిరగడానికి, ఐదుగురి వరకు కలిపి తీసుకోవచ్చు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ తొమ్మిది గంటల నియమం లేదు.

సరే, ఇప్పుడు నేను దెబ్బతిన్న కథ.

నవంబర్, ఆదివారం. ఒక పెద్ద ఊరు చూసి తిరిగొస్తున్నా. చేతిలో ఫోన్, చెవుల్లో పాటలు. సరైన ప్లాట్‌ఫామ్, సరైన టైమ్, సరైన రైలు. హాయిగా కూర్చున్నా. మధ్యలో ఒక జంక్షన్‌లో రైలు చాలాసేపు ఆగింది. ఏదో అనౌన్స్‌మెంట్ వచ్చింది. జర్మన్‌లో. నేను పాట ఆపలేదు.

అరగంట తర్వాత కిటికీలోంచి చూస్తే దాటుతున్న ఊరి పేరు నా రూట్‌లో లేదు. విషయం ఏంటంటే, అక్కడ కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి. దాన్ని ట్సూగ్‌టైలుంగ్ అంటారు. నేను వెనక సగంలో ఉన్నాను, మా ఊరికి వెళ్లింది ముందు సగం.

చివరి స్టేషన్‌లో దిగాను. స్టేషన్ అంటే ఒక ప్లాట్‌ఫామ్, ఒక చిన్న షెడ్డు, ఒక టికెట్ మెషిన్, అంతే. ఆదివారం కాబట్టి షాపు లేదు, హోటల్ లేదు. వెనక్కి వెళ్లే రైలు గంటా నలభై నిమిషాల తర్వాత. ఫోన్‌లో ఛార్జ్ మూడు శాతం. టికెట్ ఆ ఫోన్‌లోనే ఉంది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్ ప్రెజెంటేషన్, అది ఇవ్వకపోతే ఆ సబ్జెక్ట్ ఇంకో సెమిస్టర్‌కి పోతుంది.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి జేబులో పెట్టేశా. జంక్షన్‌కి తిరిగొచ్చేసరికి మా ఊరి వైపు ఆఖరి రైలు వెళ్లిపోయింది. వెయిటింగ్ హాల్‌లో బెంచీ మీద కూర్చున్నా. కాళ్లు చలికి కొయ్యబారిపోయాయి. తెల్లవారుజామున మొదటి రైలు ఎక్కి, అవే బట్టలతో ల్యాబ్‌కి వెళ్లి ప్రెజెంటేషన్ ఇచ్చా. పాసయ్యాను. కానీ ఆ రాత్రి బెంచీ మీద కూర్చుని, నాన్న తోట గుర్తొచ్చి ఏడ్చిన మాట నిజం.

తప్పు రైలుది కాదు, నాదే. అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమాలు ఇవి. మీరూ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. పొద్దున బయల్దేరే ముందే ఆఖరి రైలు టైమ్ చూడాలి. మీరు ఎక్కాల్సింది ఆ ఆఖరి రైలు కాదు, దానికి ముందుది. అది క్యాన్సిల్ అయినా ఇంకోటి చేతిలో ఉంటుంది.

రెండు. వెళ్లడానికి మూడు గంటలు దాటితే ఆ ఊరు ఒక్క రోజు ట్రిప్పు కాదు. మాగ్డెబుర్గ్ నుంచి డ్రెస్డెన్ దాటి, బాస్టై వంతెన చూడాలనుకున్నాను. ఎల్బే నదికి 194 మీటర్ల ఎత్తున, రాళ్ల మధ్య కట్టిన వంతెన, 1851 నాటిది. అద్భుతంగా ఉంటుంది. కానీ రీజనల్ రైళ్లలో రానూపోనూ లెక్కేస్తే రోజంతా రైల్లోనే అయిపోతుంది. అలాంటివి సెమిస్టర్ సెలవుల్లో, హాస్టల్‌లో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

మూడు. పవర్ బ్యాంక్ లేకుండా గడప దాటొద్దు. టికెట్ ఫోన్‌లో ఉన్నప్పుడు ఫోన్ ఆగిపోతే మన దగ్గర టికెట్ లేనట్టే లెక్క.

నాలుగు. ఈ నాలుగు మాటలు నేర్చుకోండి. గ్లైస్ అంటే ప్లాట్‌ఫామ్ నంబర్. ఫెర్‌ష్పేటుంగ్ అంటే లేటు. ఫెల్ట్ ఔస్ అంటే రైలు రద్దు. ఎర్‌జాట్స్‌ఫెర్‌కేర్ అంటే రైలు బదులు బస్సు, స్టేషన్ బయట నుంచి వెళ్తుంది. ట్సూగ్‌టైలుంగ్ మీకు ఇక చెప్పక్కర్లేదు. పెట్టె తలుపు పక్కన ఉండే బోర్డు మీద ఆ పెట్టె ఏ ఊరికి వెళ్తుందో చూసి ఎక్కండి. అనౌన్స్‌మెంట్ వచ్చినప్పుడు పాట ఆపండి. అర్థం కాకపోతే పక్కనవాళ్లని అడగండి, సిగ్గుపడితే నాలాగా బెంచీ మీద పడుకోవాలి.

ఐదు. మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారం గంట ముందుకి జరుగుతుంది, అక్టోబర్ ఆఖరి ఆదివారం గంట వెనక్కి. ఫోన్ దానంతట అదే మారుతుంది, గోడ గడియారం మారదు. ఆ రోజు ట్రిప్ ఉంటే చూసుకోండి.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? నా సలహా, మీ ఊరితోనే మొదలుపెట్టండి. మనం ఎక్కడో ఉన్న కోట కోసం ఆరాటపడతాం, పక్క వీధిలో ఏముందో చూడం. మాగ్డెబుర్గ్ కెథెడ్రల్ 1209లో కట్టడం మొదలైంది, మొదటి ఒట్టో చక్రవర్తి సమాధి అందులోనే ఉంది. దాని ముందు నుంచి ఆరు నెలలు ట్రామ్‌లో వెళ్లాను, లోపలికి అడుగు పెట్టలేదు.

తర్వాత రెండు గంటల లోపు ఊళ్లు. మ్యాప్‌లో మీ ఊరి చుట్టూ ఒక గుండ్రం గీయండి. నాకు ఆ గుండ్రంలో బెర్లిన్ వచ్చింది. అక్కడ పార్లమెంట్ భవనం మీద గాజు గోపురం ఎక్కడం ఫ్రీ, కానీ ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పాస్‌పోర్ట్ తీసుకెళ్లాలి. క్వెడ్లిన్‌బుర్గ్ వచ్చింది. వెయ్యికి పైగా పాతకాలపు చెక్క చట్రాల ఇళ్లున్న ఊరు, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. విటెన్‌బెర్గ్ వచ్చింది. 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాలు ప్రకటించిన ఊరు. అక్కడి చర్చి తలుపు మీద అవన్నీ ఇప్పుడు కంచులో పోతపోసి ఉంటాయి. డెసావు వచ్చింది, బౌహౌస్ బిల్డింగ్ ఉన్న ఊరు, ఆర్కిటెక్చర్ వాళ్లకి పుణ్యక్షేత్రం లాంటిది.

మీరు హాంబుర్గ్‌లో ఉంటే ఇంకో చిట్కా. అక్కడ హార్బర్‌లో తిరిగే 62 నంబర్ ఫెర్రీలో కూడా డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లుతుంది. టూరిస్ట్ పడవకి డబ్బు పెట్టకుండానే హార్బర్ చూడొచ్చు. 1911లో తెరిచిన ఎల్బే సొరంగం ఉంది, నది కింద నుంచి 426 మీటర్లు నడిచి అవతలకి వెళ్లొచ్చు, దానికీ టికెట్ లేదు.

కాలం కూడా చూసుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, కొండలు, నదులు అప్పుడు. శీతాకాలంలో మ్యూజియంలు, చర్చిలు, దగ్గర ఊళ్లు.

తిండి విషయం. ఆదివారం సూపర్ మార్కెట్లు ఉండవు, పెద్ద స్టేషన్లలో కొన్ని షాపులు మాత్రం తెరిచి ఉంటాయి, అక్కడ ధర ఎక్కువ. శనివారమే కొనుక్కోండి. నా మటుకు నాకు పులిహోరకి మించిన రైలు తిండి లేదు. పాడవదు, వేడి చేయక్కర్లేదు, వాసన గొడవ లేదు. కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిల్ నింపుకెళ్లండి. కూల్‌డ్రింక్ కొంటే ఖాళీ బాటిల్ పారేయకండి, సూపర్ మార్కెట్ మెషిన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి. స్టేషన్ టాయిలెట్‌కి చిల్లర కావాలి, రైల్లో ఉన్నది ఫ్రీ.

ఇక దేశం దాటే సంగతి. ప్రాగ్, పారిస్ అని అందరికీ ఉంటుంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్ట్ రెండూ గడువులో ఉంటే మిగతా షెంగెన్ దేశాలకి వెళ్లొచ్చు, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించకూడదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, ఫర్వాలేదు. బ్రిటన్, ఐర్లాండ్ షెంగెన్‌లో లేవు, వాటికి వేరే వీసా కావాలి. 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు మొదలుపెట్టింది. కాబట్టి ఫోన్‌లో ఫోటో కాదు, ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి. మీ కార్డు గడువు అయిపోయి రెన్యూవల్ నడుస్తుంటే మాత్రం, ఫారినర్స్ ఆఫీస్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకునేదాకా దేశం దాటొద్దు. ఒక శనివారం కోసం రెండేళ్ల చదువు పణంగా పెట్టకండి.

పార్ట్ టైమ్ చేసేవాళ్లకి శనివారం షిఫ్ట్‌లే ఎక్కువ ఉంటాయి. నేను నెలలో ఒక్క శనివారం ముందే బ్లాక్ చేసుకునేవాణ్ని. పరీక్షల నెలల్లో అదీ లేదు. అలా చేసినా రెండేళ్లలో పద్దెనిమిది ఊళ్లు చూశాను. నెలకి ఒకటి, అంతే.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న. ఇంట్లో ఏం చెప్పాలి?

మొదట్లో నేను చెప్పలేదు. ఒకసారి బెర్లిన్‌లో దిగిన ఫోటో స్టోరీ పెడితే, చుట్టాలబ్బాయి ఎవరో నాన్నకి చూపించాడు. రాత్రి ఫోన్ చేసి, "ఏరా, చదువుకోడానికి వెళ్లావా, షికార్లకి వెళ్లావా?" అన్నారు. అందులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. ఆయనకి కనపడింది బెర్లిన్ కాదు, బ్యాంక్ కిస్తీ. నేను తిరిగి ఏమీ అనలేకపోయాను.

తర్వాతి వారం సైకిల్ మీద ఊరికి ఉత్తరాన ఉన్న నీటి వంతెన దగ్గరికి వెళ్లాను. ఎల్బే నది కింద పారుతుంటే, దాని మీద నుంచి ఒక కాలువ అడ్డంగా దాటుతుంది. 918 మీటర్ల పొడవు. నది మీద కాలువ, కాలువలో సరుకు ఓడలు! 1930ల్లో పని మొదలై, యుద్ధంలో ఆగి, దేశం విడిపోయి, మళ్లీ కలిశాక 2003లో తెరిచారు. అక్కడి నుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఎంత ఖర్చైందో ముందే చెప్పేశా, "సున్నా, సైకిల్ మీద వచ్చా" అని.

ఆయన కాసేపు చూసి, "ఇది మన గన్నవరం అక్విడక్టే కదరా" అన్నారు. నిజమే. మా ఊళ్లో వైనతేయ గోదావరి మీద నుంచి కాలువ దాటుతుంది, నేను చిన్నప్పటి నుంచి దాని పక్క నుంచే స్కూల్‌కి వెళ్లాను. అంత దూరం వెళ్లి, మా ఊరి కాలువ ఎంత గొప్ప పనో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు ఆయన గంటసేపు మాట్లాడారు. ఓడ వచ్చేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.

ఆ తర్వాత ప్రతి ట్రిప్ ముందు రాత్రి నాన్నకి మూడు విషయాలు మెసేజ్ పెట్టేవాణ్ని. ఏ ఊరు, ఎంత ఖర్చు, ఏ రైలుకి తిరిగొస్తాను. ఆయన మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. రాత్రి పదకొండింటికి, అంటే ఇండియాలో తెల్లవారుజామున, "చేరావా?" అని మాత్రం మెసేజ్ ఉండేది.

కాబట్టి మీరు కూడా వచ్చే శనివారానికి ఒక ఊరు ఎంచుకోండి, దాని తిరుగు రైలు టైమ్ చూడండి, ఆ మూడు ముక్కలు ఇంటికి పంపండి. రైలు రెండుగా విడిపోతే ఏ సగంలో ఉన్నారో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.